అమెరికాలో పెరిగిన పిల్లకు స్పానిష్ ఉచ్చారణ: తెలుగు వర్ణమాల తోడ్పడుతుందా?

ప్రశ్న: విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు, నల్లగొండ

పెద్దలకు, మిత్రులకు నమస్కారం. నా మనుమరాలు అమెరికాలోని టెక్సాస్‌లో పుట్టి పెరిగింది. ఇంట్లో తల్లిదండ్రులు తెలుగే మాట్లాడుతున్నా, ఆ పిల్ల నోటికి ముందుగా వచ్చే భాష ఇంగ్లీషు. ఇప్పుడు బడిలో స్పానిష్ చదువుతున్నది. పదాలు, వ్యాకరణం బాగానే పట్టుబడుతున్నాయి గాని, ఉచ్చారణలో ఇంగ్లీషు ధోరణి వదలడం లేదని అక్కడి ఉపాధ్యాయురాలు చెప్పినదట. ఆదివారాలు వీడియోలో మాట్లాడుకునేటప్పుడు పిల్ల తన పాఠం నాకు చదివి వినిపిస్తుంది. నాకు స్పానిష్ రాదు. అయినా చాలాకాలం పిల్లలకు వర్ణమాల చెప్పినవాడిని కాబట్టి, పాఠంతో పాటు వచ్చే స్పానిష్ వారి కంఠాన్ని, మా పిల్ల కంఠాన్ని వెంటవెంటనే విన్నప్పుడు తేడా ఎక్కడున్నదో తెలుస్తున్నది.

స్పానిష్ వారు పలికే 'త' మన తకారమే అనిపిస్తుంది. పిల్ల పలికేది టకారానికీ ఠకారానికీ నడుమ ఉంటుంది. వారి పకారం అల్పప్రాణం. పిల్ల పలికినప్పుడు దానికి ఊపిరి తోడై మహాప్రాణంలా వినిపిస్తుంది. రేఫ, అంటే రకారం దగ్గర పిల్ల నాలుక పైన ఎక్కడా తగలడం లేదు. పైగా స్పానిష్‌లో ఒంటి రేఫ వేరు, జంట రేఫ వేరు అని, వాటిని తారుమారు చేస్తే అర్థమే మారిపోతుందని పాఠంలో ఉన్నది. ఇది చూడగానే నాకు మన పూర్వ వ్యాకరణాల్లోని సాధురేఫ, శకటరేఫ గుర్తుకు వచ్చాయి. 'అర' అంటే సగం, 'అఱ' అంటే గది అని ఒకప్పుడు వేరుచేసి రాసుకున్నాం కదా.

ఇంగ్లీషువారి కోసం తయారైన పాఠాల్లో రేఫను నేర్పడానికి 'బటర్' అనే మాట నడిమి హల్లును పలకమని చెబుతున్నారు. నేను ఎన్ని విధాల పలికినా అందులో రేఫ వినిపించడం లేదు. ఆ సూచనలో మర్మం ఏమిటి? మన వర్ణమాల ఆధారంగా పిల్లకు ఈ ధ్వనులు నేర్పితే మేలు జరుగుతుందా, లేక ఇంగ్లీషు దోషాలు పోయి వాటి స్థానంలో తెలుగు దోషాలు వచ్చి చేరుతాయా? తెలిసినవారు వివరంగా చెప్పగలరని ప్రార్థన.

జవాబు: స్పానిష్ బోధకురాలు, మహబూబ్‌నగర్

సార్, నమస్కారం. నేను హైదరాబాదులోని ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లో స్పానిష్ చదివి, ఇప్పుడు మహబూబ్‌నగర్ నుండే ఆన్‌లైన్‌లో పాఠాలు చెబుతున్నాను. మీ చెవి పట్టుకున్న తేడాలన్నీ సరైనవే. మన వర్ణమాలను ధ్వని పుట్టే చోటును బట్టి, ఊపిరిని బట్టి వర్గాలుగా అమర్చారు కాబట్టి, ఇంగ్లీషు మాట్లాడేవారికి స్పానిష్‌లో ఎదురయ్యే చిక్కులు చాలా వరకు మనకు మన మాటల్లోనే బోధపడతాయి.

మొదట పరుషాల (క, ట, త, ప వంటి హల్లుల) సంగతి చూద్దాం. ఇంగ్లీషులో పదాది పరుషాలు ఊపిరి కలుపుకొని వెలువడతాయి. 'స్పిన్', 'స్టాప్', 'స్కై' వంటి మాటల్లో సకారం వెనుక వచ్చినప్పుడు మాత్రం ఆ ఊపిరి ఉండదు. వారి భాషలో ఈ తేడా వల్ల అర్థం మారదు కాబట్టి, తాము రెండు రకాలుగా పలుకుతున్నామన్న సంగతే వారికి తెలియదు. స్పానిష్‌లో ఊపిరి కలిసిన పరుషాలు లేవు. అందువల్ల ఇబ్బంది నోటితో ఆగక చెవికి కూడా వస్తుంది: స్పానిష్ వారు జంతువు కాలు అనే అర్థంలో 'పాతా' అంటే, ఊపిరి లేని ఆ పకారం ఇంగ్లీషు చెవికి బకారంలా తోచి, ఇంట్లో తొడుక్కునే పొడవాటి అంగీకి పేరైన 'బాతా' అని వినిపించే అవకాశం ఉన్నది. అరచేతిని నోటి ముందు పెట్టుకొని 'పాప', 'కాకి', 'తాత' అనిపించండి. చేతికి గాలి కొట్టకూడదు. అది కుదరకపోతే 'స్పిన్' అనిపించి, తరువాత సకారాన్ని మనసులోనే అనుకొని మిగిలినది పైకి పలకమనండి.

ఇక తకారం. ఇంగ్లీషులో ఆ అక్షరానికి నాలుక కొన పై పళ్ల వెనుకనున్న చిగురు గట్టుకు తగులుతుంది. మనం ఆ ధ్వనిని టకారంగా విని, టకారంగానే రాసుకుంటున్నాం. స్పానిష్‌లో నాలుక పళ్లకే తగులుతుంది. మనం 'టాకో' అని రాసుకునేది వారి నోట 'తాకో'. టొమాటో వారికి 'తోమాతే'. ఈ టొమాటో, చాక్లెట్ అనే మాటలు మెక్సికో ప్రాంతపు నావాత్ల్ భాష నుండి స్పానిష్‌లోకి, అక్కడి నుండి ఇంగ్లీషులోకి, ఆ తరువాత మన దగ్గరికి చేరాయి. మధ్యలో ఇంగ్లీషు కలగజేసుకోవడం వల్లనే మనకు దంత్యం పోయి మూర్ధన్యం మిగిలింది. ఇది మన వాళ్లకు నేను పదే పదే చెప్పే విషయం: స్పానిష్‌ను ఇంగ్లీషు అక్షరాల గుండా చదివిన తెలుగువారు చేతిలో ఉన్న తకారాన్ని వదులుకొని టకారం పలుకుతారు.

అన్నిటికంటె ముఖ్యమైనవి అచ్చులని నా అభిప్రాయం. రేఫ గురించి అందరూ దిగులు పడతారు గాని, ఇంగ్లీషు ధోరణి ఎక్కువగా బయటపడేది అచ్చుల దగ్గరనే. స్పానిష్‌లో అచ్చులు ఐదు: ఆ, ఎ, ఇ, ఒ, ఉ. ప్రతి అచ్చూ మొదలైన చోటనే ముగుస్తుంది. ఇంగ్లీషువారు 'నో' అన్నప్పుడు చివర పెదవులు ముడుచుకొని ఉకారం వైపు జారుతాయి. ఎకారం అదే విధంగా ఇకారం వైపు జారుతుంది. అద్దం ముందు నిలబెట్టి స్పానిష్ 'నో' అనిపిస్తే, పెదవులు కదలకుండా ఉన్నాయా లేదా అన్నది పిల్లకే కనిపిస్తుంది. ఇంకొక దోషం ఊనిక లేని, అంటే ఒత్తి పలకని అచ్చులను మింగివేయడం. 'బనానా' అన్నప్పుడు ఇంగ్లీషులో నడిమి అచ్చు ఒక్కటే నిండుగా ఉండి, తొలి, తుది అచ్చులు మసకబారిపోతాయి. స్పానిష్‌లో ఆ మూడు అచ్చులూ ఒకే గుణంతో వినిపించాలి. చాక్లెట్‌ను స్పానిష్‌లో 'చో-కో-లా-తే' అని నాలుగు అక్షరాలుగా విడివిడిగా పలకాలి. అజంతమైన, అంటే మాటలు అచ్చుతో ముగిసే తెలుగు పలికే నోటికి ఇది కష్టం కాదు. పిల్ల చేత తెలుగు పద్యం ఒకటి ఏ అచ్చునూ మింగకుండా చదివించి, వెంటనే స్పానిష్ పాఠం చదివించి చూడండి.

రేఫ విషయంలో మీ ఊహ చక్కగా ఉన్నది. 'పేరో' అంటే 'కాని' అని అర్థం, 'పేర్రో' అంటే కుక్క. 'కారో' అంటే ఖరీదైనది, 'కార్రో' అంటే బండి. అయితే శకటరేఫను నేడు మనమెవరమూ వేరుగా పలకడం లేదు కాబట్టి, అది భావన అర్థం కావడానికి పనికివస్తుంది గాని అభ్యాసానికి పనికిరాదు. దానికి బదులు 'గుర్రం', 'కర్ర', 'ఎర్ర' అనే మాటల్లోని జంట రేఫను తీసుకోండి. నాలుక కొన అక్కడ పలుమార్లు అదురుతుంది. స్పానిష్ జంట రేఫ అదే. స్పానిష్‌లో పదాది రేఫ ఒంటిగా రాసినా జంట రేఫలాగే అదిరించి పలకాలి. న, ల, స అనే హల్లుల తరువాత కూడా అంతే. గులాబీకి పేరైన 'రోసా'ను 'ర్రోసా' అన్నట్లు పలుకుతారు.

జవాబు: ఉర్దూ చదువుకున్న పాఠకుడు, గద్వాల

బోధకురాలు గారి వివరణకు ఒక చేర్పు చేయదలచుకున్నాను. స్పానిష్‌లో 'జే' అక్షరానికి, ఎకార ఇకారాల ముందు వచ్చే 'జీ' అక్షరానికి ఉన్న ధ్వని తెలుగులో లేదు. ఇంగ్లీషువారు దాని స్థానంలో హకారం పలుకుతారు. మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఉర్దూ వింటూ పెరిగినవారికి ఆ ధ్వని తెలిసినదే. ఉర్దూ వారు 'ఖబర్', 'ఖరాబ్' అన్నప్పుడు గొంతు దగ్గర నాలుక వెనుక భాగం పూర్తిగా ఆనకుండా, గాలి ఒరుసుకుంటూ వస్తుంది. మనం తెలుగులో రాసే ఖకారంలో గాలి ఒకసారి ఆగి విడుదలవుతుంది. ఉర్దూ ధ్వనిలో ఆగదు. మన దక్కనీ ఉర్దూలో ఈ ధ్వని మరింత విరివిగా వినిపిస్తుంది, ఎందుకంటే ఉత్తరాదివారు గొంతు లోపలి కకారంతో పలికే 'కలమ్' వంటి మాటలను కూడా ఇక్కడ 'ఖలమ్' అనే అంటారు. స్పెయిన్ మధ్య, ఉత్తర ప్రాంతాల్లో ఈ ధ్వని గరుకుగా, మెక్సికోలో మృదువుగా ఉంటుంది. క్యూబా వంటి కరీబియన్ దేశాల్లో హకారానికే దగ్గరవుతుంది. కాబట్టి పిల్ల హకారం పలికినా అర్థానికి లోటు రాదు.

'అమీగో' వంటి మాటల్లో రెండు అచ్చుల నడుమ వచ్చే గకారానికి కూడా ఉర్దూలో చుట్టమున్నది. 'బాగ్' అనే తోట పేరు చివర వినిపించే ధ్వని అదే తీరుది. స్పానిష్‌లో ఒరిపిడి ఇంకా తక్కువ. మీ ఇంటి దగ్గర ఉర్దూ మాట్లాడే మిత్రులు ఉంటే, నాలుగు మాటలు పలికించి రికార్డు చేసి పంపండి. వర్ణన వినడం కంటె ధ్వని వినడం మేలు.

జవాబు: సూర్యాపేట నుండి వచ్చి టెక్సాస్‌లో స్థిరపడినవాడు

సార్, పై జవాబులను గౌరవిస్తూనే ఒక విషయంలో విభేదిస్తున్నాను. ఇక్కడ పెరిగిన మన పిల్లల తెలుగు కూడా చాలా సందర్భాల్లో ఇంగ్లీషు నోటి తెలుగే. 'గుర్రం'లోని రేఫను పలకలేని పిల్లకు, స్పానిష్ జంట రేఫ 'గుర్రం'లో ఉన్నట్లు ఉంటుందని చెబితే ఏమి తోడ్పడుతుంది? తెలుగు వర్ణమాల మీకు దోషాన్ని గుర్తించడానికి ఉపయోగపడుతుంది. దిద్దడానికి మాత్రం పిల్ల నోట ఇప్పటికే ఉన్న ధ్వనితో మొదలుపెట్టాలి. ఆ ధ్వని కొన్నిసార్లు ఇంగ్లీషులోనే దొరుకుతుంది.

మీరు అడిగిన 'బటర్' సూచన అటువంటిదే. మనం 'బటర్', 'వాటర్', 'లాడర్' అన్నప్పుడు నడుమ టకారమో డకారమో స్పష్టంగా పలుకుతాం. అమెరికావారు అలా పలకరు. నాలుక కొనను చిగురు గట్టుకు ఒక్కసారి చప్పున తాకించి వదిలివేస్తారు. ఆ తాకిడి స్పానిష్ ఒంటి రేఫ. మన 'మరి', 'చీర' అనే మాటల్లోని రేఫ కూడా అదే. అందువల్ల ఆ సూచన అమెరికా పిల్లలకు పనిచేస్తుంది. మీకు, నాకు పనిచేయదు. టకారాన్ని నిండుగా పలికే ఇంగ్లాండువారికి కూడా పనిచేయదు. మీ మనుమరాలితో 'లాడర్' అనిపించి, ఆ నడిమి ధ్వనిని మాత్రమే పట్టుకొని 'పేరో', 'కారో' అనిపించండి.

ఇదే అలవాటు వేరొకచోట కీడు చేస్తుంది. అమెరికా పిల్లలు రెండు అచ్చుల నడుమ ఉన్న దకారాన్ని కూడా ఆ తాకిడితోనే పలుకుతారు. 'తోదో' అంటే అంతా అని అర్థం. దానిని 'లాడర్' ధోరణిలో పలికితే స్పానిష్ వారికి 'తోరో' అని, అంటే ఎద్దు అని వినిపిస్తుంది. 'ప్రతి' అనే అర్థమున్న 'కాదా' ఆ పలుకుబడిలో ముఖమనే అర్థమున్న 'కారా' అయిపోతుంది. దీనిని దిద్దడానికి తెలుగు దకారం కంటె ఇంగ్లీషు 'మదర్' లోని నడిమి ధ్వని దగ్గరి దారి. మనం ఆ మాటను నిండు దకారంతో పలుకుతాం. వారు నాలుకను పళ్ల నడుమ మెత్తగా ఉంచి గాలిని పోనిస్తారు. స్పానిష్‌లో అచ్చుల నడుమ దకారం అంతే మెత్తగా, ఇంకా తేలికగా ఉంటుంది. పదం మొదట, నకార లకారాల తరువాత మాత్రం అది మన దకారమే. ఈ ఒక్క ధ్వని విషయంలో మీరు పిల్ల దగ్గర నేర్చుకోవలసి ఉంటుంది.

ఇక్కడి పిల్లలకు ఇంకొక ఇబ్బంది ఉన్నది. టెక్సాస్‌లో స్పానిష్ పేర్లున్న ఊళ్లు అనేకం. వాటిని పిల్లలు పుట్టినప్పటి నుండి ఇంగ్లీషు ఉచ్చారణతోనే వింటారు. పసుపుపచ్చ అనే అర్థమున్న 'అమరీయో' ఇక్కడ ఊరి పేరుగా 'ఆమరిల్లో' అయింది. జంట లకారాన్ని స్పానిష్‌లో ఎక్కువ ప్రాంతాల్లో యకారంగా పలుకుతారని పాఠంలో చదివినా, దారి పొడవునా కనిపించే ఊరి పలక చెవిలో వేరే మాట చెబుతుంది. అందుకని కొంతకాలం రాతను పక్కన పెట్టి, కేవలం విని చెప్పించడం మంచిది. 'పేరో', 'పేర్రో' అనే జంటను స్పానిష్ కంఠంలో వినిపించి, ఏది ఏదో గుర్తుపట్టమనండి. చెవి తేడాను పట్టుకోనిదే నోరు పట్టుకోదు.

ప్రశ్న అడిగినవారు: నల్లగొండ

ముగ్గురికీ కృతజ్ఞతలు. సూర్యాపేట సోదరుని మాట ఆలోచించదగినది. ఆదివారం పిల్ల చేత చదివించి చూశాను. 'తాత' అనే మాటలో తకారాలు రెండూ స్వచ్ఛంగా ఉన్నాయి. బహుశా ఊహ తెలిసినప్పటి నుండి నన్ను పిలిచిన మాట కావడం వల్ల నిలిచినది. దానిని ఆధారం చేసుకొని 'తాకో', 'తోదో' అనిపిస్తే చాలావరకు కుదిరింది. 'గుర్రం'లో మాత్రం రేఫ అమెరికా రేఫే. కాబట్టి తెలుగులో ఏ మాట పిల్లకు పుట్టుకతో వచ్చినదో చూసుకొని, దానినే మెట్టుగా వాడుకోవాలని నిశ్చయించుకున్నాను.

మరి మూడు సందేహాలు. స్పానిష్ పదాలను తెలుగు లిపిలో రాసి ఇవ్వవచ్చునా? అచ్చుల మీద గీత ఉన్నచోట దీర్ఘం అనుకోవాలా? మెక్సికో అనే పేరును స్పానిష్ వారు 'మేఖికో' అనడం ఏ సూత్రం ప్రకారం?

జవాబు: స్పానిష్ బోధకురాలు, మహబూబ్‌నగర్

సార్, సూర్యాపేట వారు చెప్పినది నాకు కూడా సమ్మతమే. అమెరికాలో పెరిగిన పిల్లల విషయంలో ఆ క్రమమే సరైనది.

తెలుగు లిపిలో రాసి ఇవ్వవద్దని నా సలహా. మీరు ముందుగా భయపడిన తెలుగు దోషాలు వచ్చేది అక్కడే. మనం అకారం, ఆకారం, ఒకారం, ఉకారాల ముందు చకారాన్ని దంత్యంగా పలుకుతాం. 'చాలు', 'చుక్క' అనే మాటల్లో వినిపించేది అదే. 'మూచో' అని తెలుగులో రాసి ఉంటే చదివేవారు ఆ దంత్య చకారమే పలికే ప్రమాదమున్నది. స్పానిష్‌లో ప్రతిచోటా 'చీమ'లోని తాలవ్య చకారమే. వకార బకారాల భేదం రాతలోనే ఉన్నది, పలుకులో లేదు: 'వీనో' అని రాసే ద్రాక్షసారాయి పదం మొదట బకారంతో వినిపిస్తుంది, అచ్చుల నడుమ వచ్చినప్పుడు పెదవులు రెండూ దగ్గరై పూర్తిగా మూసుకోకుండా ఉంటాయి. మన వకారంలో పళ్లు పెదవికి తగులుతాయి, అక్కడ తగలవు. హల్లుతో ముగిసే మాటలకు మనం అలవాటుగా చివర ఉకారం చేర్చడం ఇంకొకటి. సూర్యుడు 'సోల్' అవుతాడు, 'సోలు' కాదు. అన్నిటికంటె, మన లిపి ప్రతి అచ్చుకూ హ్రస్వమో దీర్ఘమో తేల్చి రాయమంటుంది. స్పానిష్‌లో ఆ భేదమే లేదు. ఇక్కడ నేను రాసిన మాటలన్నిటిలోనూ ఆ లోపం తప్పలేదు.

మీ రెండవ ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉన్నది. ఆ గీత దీర్ఘానికి కాదు, ఊనికకు గుర్తు. అచ్చుతో గాని, నకార సకారాలతో గాని ముగిసే మాటలో ఊనిక చివరి నుండి రెండవ అక్షరం మీద పడుతుంది. మిగిలిన హల్లులతో ముగిస్తే చివరి అక్షరం మీద పడుతుంది. ఈ సూత్రానికి భిన్నంగా ఉన్నచోట ఎక్కువగా గీత పెడతారు. 'పాపా' అనే మాటలో ఊనిక మొదటి అక్షరం మీద ఉంటే బంగాళదుంప, రెండవదాని మీద ఉంటే నాన్న. 'తెర్మినో' అనే మాట మొదటి అక్షరం మీద ఊనికతో గడువు, రెండవదాని మీద ఊనికతో 'నేను ముగిస్తాను', మూడవదాని మీద ఊనికతో 'ఆయన ముగించాడు'. తెలుగులో ఊనిక వల్ల అర్థం మారదు కాబట్టి ఇక్కడ మన చెవి వెనుకబడుతుంది. ఇంగ్లీషు చెవికి ఊనిక తేలికగా తెలుస్తుంది. పిల్ల దానిని సరిగా పట్టుకొని, మిగిలిన అచ్చులను మాత్రం మింగకుండా ఉంటే చాలు. గురు లఘువుల లెక్క కూడా వద్దు. స్పానిష్ పద్యంలో మాత్రలు లెక్కించరు, అక్షరాలను లెక్కిస్తారు.

మీకు నచ్చే విషయం ఒకటి ఉన్నది. స్పానిష్ వారు మాటకు మాటకు నడుమ ఆగకుండా అచ్చులను కలిపివేస్తారు. నా స్నేహితుడు అనే 'మి అమీగో' నోట 'మ్యా-మీ-గో' అని మూడు అక్షరాలవుతుంది. స్నేహితురాలికి 'లా అమీగా' అన్నప్పుడు రెండు అకారాలూ ఒకటైపోతాయి, అయితే సవర్ణదీర్ఘ సంధిలా దీర్ఘం రాదు. ఇంగ్లీషువారు ప్రతి మాటనూ విడగొట్టి గొంతు బిగించి మొదలుపెడతారు. సంధి వినడానికి అలవాటుపడిన మీరు ఈ లోపాన్ని వెంటనే పట్టుకోగలరు.

మెక్సికో సంగతి చరిత్రకు సంబంధించినది. ఆ 'ఎక్స్' అక్షరానికి పాత స్పానిష్‌లో షకారం వంటి ధ్వని ఉండేది. పదహారు, పదిహేడు శతాబ్దాల్లో అది క్రమంగా గొంతు వైపు జరిగి, గద్వాల వారు చెప్పిన ఉర్దూ ఖకారం అయింది. 1713లో ఏర్పడిన స్పానిష్ రాచ అకాడమీ 1815లో ఆ ధ్వని ఉన్నచోట 'జే' అక్షరం రాయాలని నిర్ణయించింది. మెక్సికో వారు తమ దేశం పేరులో పాత అక్షరాన్నే నిలుపుకున్నారు.

జంట రేఫకు తొందర పెట్టవద్దు. స్పానిష్ ఇళ్లలో పుట్టిన పిల్లలకు కూడా అన్నిటికంటె చివరగా పట్టుబడే ధ్వనుల్లో అది ఒకటి. నాలుకను బలవంతంగా ఆడిస్తే అది రాదు. కొనను చిగురు గట్టు దగ్గర వదులుగా ఉంచి, గాలి ఒత్తిడితో దానంతట అది అదిరేలా చేయాలి. ముందు 'లాడర్' తాకిడితో ఒంటి రేఫ స్థిరపడనివ్వండి. తరువాత 'త్ర', 'ద్ర' అనే సంయుక్తాలు పలికించండి, ఎందుకంటే దకారానికి తాకిన నాలుక దగ్గరలోనే ఉండి రేఫకు సిద్ధంగా ఉంటుంది. అది వచ్చిన తరువాత, మన పిల్లలు పోటీపడి పలికే 'ఎర్ర లారీ, తెల్ల లారీ' అన్న మాటను మొదట మెల్లగా, తరువాత వేగంగా అనిపించండి. జంట రేఫ, ఒంటి రేఫ రెండూ అందులో ఉన్నాయి. స్పానిష్‌లో ఆ అక్షరం పేరు కూడా 'ఎర్రె'యే.

స్పెయిన్‌లో ఎక్కువ ప్రాంతాల్లో 'జెడ్' అక్షరాన్ని, ఎకార ఇకారాల ముందు 'సీ' అక్షరాన్ని నాలుక పళ్ల నడుమ పెట్టి పలుకుతారు. పాఠంలో ఆ ధ్వని వినిపిస్తే పిల్ల తికమక పడవచ్చు. టెక్సాస్‌లో చుట్టూ వినిపించేది ఎక్కువగా మెక్సికో స్పానిష్. లాటిన్ అమెరికాలో ఈ అక్షరాలన్నిటికీ దంత్య సకారమే పలుకుతారు కాబట్టి పిల్లకు ఆ ఒక్కటి చాలు.